అచ్యుతరామారావు గారి ఇంజను

వ్యాను ఇంజను పోయింది నా చేతుల్లోనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. ఎందుకంటే మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ దాన్ని పైకి అనలేదు. మా ఆయన అనలేదు, మా అత్తయ్యా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. వాళ్ళు ఏమీ అనకపోవడంతోనే పోయిన వేసవి నాకు నరకంగా గడిచింది.

బడులకి సెలవులిచ్చే ముందు ఆఖరి వారం అది. భవానీపురంలో ఐదుగురు టీచరమ్మల్ని ఎక్కించుకుని, హనుమాన్ జంక్షన్ దాటాక ఉన్న ఊళ్ళలో వాళ్ళ బడుల దగ్గర దింపి రావడం నా పని. మళ్ళీ సాయంత్రం తీసుకురావడం. హాజరు పడాలంటే తొమ్మిదింటికల్లా వాళ్ళు బడి ఆవరణలో నిలబడి ఫోనుకి మొహం చూపించాలి. హెడ్మాస్టరైతే బతిమాలుకోవచ్చు, ఫోనుని ఎవరు బతిమాలతారు? ఆ రోజు నిడమానూరు దగ్గర వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది. ఆపాలి. ఆపి, చల్లారనిచ్చి, నీళ్ళు పోసుకుని బయల్దేరితే ఇరవై నిమిషాలు పోతాయి. వెనక సీట్లోంచి శ్రీదుర్గ మేడం, "శాలినీ, ఎనిమిదీ పది దాటింది" అన్నారు. అందరిలోకీ పెద్దావిడ, లెక్కల టీచరు. నేను ముల్లు వైపు చూడ్డం మానేశాను. తేలప్రోలు దాటుతుండగా సీటు కింద ఫట్‌మని చప్పుడైంది, పొగ వచ్చింది, ఆ తర్వాత తాళం ఎన్నిసార్లు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు.

ఐదుగురూ ఆటోలెక్కి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ శ్రీదుర్గ మేడం కిటికీలోంచి తల బయటపెట్టి, "జూన్ పన్నెండున బడులు తెరుస్తారు. ఆ లోపల బాగు చేయించుకో. లేకపోతే మా దారి మేం చూసుకోవాలి కదమ్మా" అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ భయమేసింది. మా ఆయన జాన్‌బాబుది ఆస్పత్రిలో లిఫ్టు తిప్పే ఉద్యోగం. ఆ జీతం ఇంటద్దెకీ బియ్యానికీ సరి. మిగతా ఇల్లంతా ఆ ఓమ్ని వ్యాను మీదే నడుస్తోంది.

పాత ఇంజను విప్పి చూసి ఆటోనగర్ మేస్త్రి పెదవి విరిచాడు. దాన్ని బాగు చేయించే డబ్బుతో ఇంకో ఇంజనే వస్తుందన్నాడు. మే మొదటి వారంలో ఓ మధ్యాహ్నం జాన్‌బాబు ఫోను చేశాడు. మా ఆయన గొంతులో అంత హుషారు మా పెళ్ళిరోజున కూడా వినలేదు.

"దొరికింది శాలినీ! నాలుగేళ్ళే వాడిన వ్యానుదంట. కంప్యూటరు ఇంజను. మైలేజీ చూస్తావుగా ఇక!"

"కంప్యూటరుదైతే మన పాత బండికి పడుద్దా?"

"మేస్త్రి పడుద్దన్నాడు. కంప్యూటరు డబ్బా కూడా ఇచ్చారు. కాయితాలన్నీ ఉన్నాయి, ఆర్టీవో ఆఫీసులో నంబరు మార్చుకోవడమే."

సాయంత్రం నేను వెళ్ళి చూశాను. ఇంజను శుభ్రంగానే ఉంది. దాని పక్కనుంచి జానెడు పొడుగున తెగిన వైర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పాత బళ్ళు విప్పే కొట్లలో వైర్లని ఊడదీయరు, ఒక్క కోతతో కోసేస్తారు. రాగి విడిగా తూకానికి పోతుంది కదా, ఊడదీసేంత ఓపిక ఎవరికి? మా ఆయన ఎదురుగానే కోశారట. "కోస్తుంటే చూస్తూ ఊరుకున్నారా?" అంటే, "వైర్లేగా, అతికించుకుంటే సరి" అన్నాడు. ఆ మనిషితో పదిహేడేళ్ళుగా కాపురం చేస్తున్నాను, నా ఓపిక మీరే అర్థం చేసుకోండి.

పాత ఇంజనుకి పెట్రోలూ నిప్పూ అందితే చాలు, తిరిగేది. కొత్తది అలా కాదు. ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పు, అన్నీ ఆ డబ్బా చెప్పాలి. డబ్బాకీ ఇంజనుకీ మధ్య అరవై పైచిలుకు వైర్లు. మేస్త్రి ఇంజనుని దించి, బిగించి, చేతులు తుడుచుకుంటూ, "నా పనైపోయిందమ్మా. వైరింగు నాది కాదు. ఎలక్ట్రీషియన్ని చూసుకోండి" అన్నాడు.

చూసుకోవడం మొదలుపెట్టాం. మొదటి ఆయన వ్యాను చుట్టూ ఓసారి తిరిగి చెప్పిన అంకె వింటే, ఇంజను కొన్న డబ్బు కంటే అదే ఎక్కువ. రెండో ఆయన, తెగిన వైర్లతో పని పెట్టుకోను, మొత్తం వైర్ల అల్లిక కొత్తది తెచ్చిస్తే చేస్తానన్నాడు. దాని ధర కనుక్కుని నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. మూడో ఆయన మంచివాడు, తక్కువకే చేస్తానన్నాడు. "ఎప్పటికవుద్దండి?" అంటే, "జులై దాకా ఖాళీ లేదమ్మా" అన్నాడు. ఆటోనగర్ ఎండలో అలా పన్నెండు రోజులు తిరిగాను. ఇంటికొచ్చి కేలండరు వైపు చూడకుండా అన్నం తినడం నేర్చుకున్నాను.

మా అత్తయ్య పేరు మార్త. చర్చిలో స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద దిక్కు. వ్యాను కోసం వాళ్ళ చేత ఉపవాస ప్రార్థన పెట్టించింది. నాకు మనసులో విసుగొచ్చిన మాట నిజం. వైర్లు ఉపవాసంతో అతుక్కుంటాయా అనుకున్నాను. తీరా చూస్తే ఆ కూడికలోనే దానమ్మ గారని కంకిపాడు నుంచి వచ్చినావిడ, "మా కోడలు బ్లెస్సీ పెళ్ళికి ముందు కార్ల షోరూములో వైరింగే చేసేదమ్మా. ఇప్పుడు పిల్ల పుట్టాక ఇంట్లోనే ఉంటోంది" అందట. అత్తయ్య ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ నా మొహంలోకి చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేను వెంటనే దానమ్మ గారి ఫోను నంబరు అడిగాను.

చక్రాలు తిరగడమే తప్ప ప్రాణం లేని వ్యానుని ఆటోనగర్ నుంచి కంకిపాడుకి తాడు కట్టి లాక్కెళ్ళాం. ముందు అద్దె ఆటో, వెనక స్టీరింగు పట్టుకుని నేను. బందరు రోడ్డు మీద బస్సులు నన్ను రాసుకుంటూ పోతున్నాయి. ఆటో ఆగినప్పుడల్లా బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. కంకిపాడులో దిగేసరికి వేళ్ళు స్టీరింగుని వదలనన్నాయి.

బ్లెస్సీకి ఇరవై ఆరేళ్ళుంటాయి. చంకలో ఎనిమిది నెలల పిల్లతో వచ్చి, వ్యాను సీటు ఎత్తి, తెగిన గుత్తులు చూసి ఒకటే మాట అంది.

"ఎవరక్కా ఈ పని చేసిన పుణ్యాత్ముడు?"

నేను జాన్‌బాబు వైపు చూశాను. ఆయన రేకుల షెడ్డు పైకప్పు వైపు చూశాడు.

"చెయ్యగలవా అమ్మా?" అన్నాను.

"చేస్తాను. వైర్ల పటం మా పాత షోరూము ఫ్రెండ్ పంపుద్ది. తప్పు ఎక్కడుందో చూపించే స్కానరు కూడా ఓ పూట అడిగి తెస్తా. డబ్బులు మీరు ఇవ్వగలిగినంత ఇవ్వండి. కానీ నేను బండి కింద దూరితే ఈ పిల్లని ఎవరు చూస్తారు? మా అత్తకి కళ్ళు ఆనవు."

అలా బేరం కుదిరింది. రోజూ పొద్దున్నే భవానీపురం నుంచి బస్సులో నేనూ మా అత్తయ్యా కంకిపాడు వెళ్ళేవాళ్ళం. అత్తయ్య అరుగు మీద పిల్లని ఒళ్ళో వేసుకుని పాటలు పాడేది. నేను బ్లెస్సీకి చేయందించేదాన్ని. ఇళ్ళ వైరింగులు చేసే వాళ్ళాయన మిగిల్చిన వైరు చుట్టలు ఉన్నాయి గానీ, అంతా ఎరుపే. అరవై ఎర్ర వైర్లలో ఏది ఏదో ఎలా తెలియాలి? బ్లెస్సీ నంబర్లు చెప్పేది, నాకు ఓ పట్టాన గుర్తుండేవి కావు.

"అక్కా, నీకు బాగా తెలిసినవేంటి, వరసగా?"

"జంక్షన్ రోడ్డులో ఊళ్ళు."

"అయితే ఊళ్ళే రాయి."

ఇక చూసుకోండి. తెల్లటేపు ముక్కల మీద రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి అని రాసి వైర్లకి అంటించాను. ఊళ్ళు అయిపోతే పెట్రోలు బంకులు, అవీ అయిపోతే టీ కొట్లు. "అక్కా, గన్నవరం ఇటు లాగు, కేసరపల్లి వదిలెయ్" అని వ్యాను కింద నుంచి బ్లెస్సీ కేకలేస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. భయం మధ్యలో కూడా మేమిద్దరం నవ్విన రోజులవి. నాకు బ్లెస్సీ అంటే ప్రేమ పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గేముంది?

పని నడుస్తోంది గానీ నత్తనడక. కరెంటు పోతే టంకం ఆగిపోయేది, పిల్ల ఏడిస్తే బ్లెస్సీ ఆగిపోయేది. నెలాఖరుకి సగం వైర్లు మిగిలే ఉన్నాయి. అప్పుడు మా అత్తయ్య ఓ పని చేసింది.

జూన్ ఒకటి, ఆదివారం ఆరాధన. సాక్ష్యాలు చెప్పే వేళ మా అత్తయ్య లేచి నిలబడింది. జరిగిన మేలుకి కృతజ్ఞత చెప్పుకోవడం సాక్ష్యమంటే. మా అత్తయ్య మాత్రం జరగబోయేదానిక్కూడా చెప్పేసింది.

"నా కోడలి వ్యానుకి ప్రభువు కొత్త ఇంజను దయచేశాడు. పన్నెండో తారీకున టీచర్లని ఎక్కించుకుని బయల్దేరతా ఉంది. సంఘమంతా స్తోత్రం చెప్పండి."

సంఘమంతా స్తోత్రం చెప్పింది. నా పక్క వరసలో కూర్చున్న సుస్మిత మేడం కూడా చెప్పింది. ఆవిడ మా ఐదుగురు టీచర్లలో ఒకరు. బయటికి రాగానే నా చేయి పట్టుకుని, "ఎంత మంచి మాట శాలినీ! ఇంకో వ్యానతను అడ్వాన్సు ఇమ్మని ప్రాణం తీస్తున్నాడు. ఇప్పుడే మన వాళ్ళందరికీ ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను" అంది. నేను నోరు తెరిచేలోపే ఫోను చెవి దగ్గరికి పోయింది.

ఇంటికొచ్చాక జీవితంలో మొదటిసారి అత్తయ్య మీద గొంతు పెంచాను.

"బండి కదలకపోతే వాళ్ళ ఐదుగురి పరిస్థితి ఏంటత్తయ్యా? ఇంకో బండి కూడా లేకుండా చేశారుగా!"

"విశ్వాసంతో చెప్పానమ్మాయ్."

"మీ విశ్వాసానికి వాళ్ళు జీతం కోయించుకోవాలా?"

ఆవిడ చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తోంది. ఆవిడకీ భయంగానే ఉందని, ఆ భయం పట్టలేకే లేచి నిలబడి అలా చెప్పేసిందని అప్పుడు తెలిసింది. కానీ నోరు జారిన మాట నోట్లోకి రాదు కదా, ఆవిడదైనా, నాదైనా.

జూన్ ఏడున ఆఖరి వైరు అతికాం. మా అత్తయ్య ప్రార్థన నూనె సీసా పట్టుకొచ్చింది. "అమ్మమ్మా, బోనెట్టుకి రాయండి, డబ్బాకి మాత్రం వద్దు" అంది బ్లెస్సీ. నేను సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ఇంజను గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. అంటుకోలేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. పెట్రోలు వస్తోందా అంటే వస్తోంది. బ్యాటరీ నిండుగా ఉంది. బ్లెస్సీ స్కానరు తగిలించి చాలాసేపు చూసి, నెమ్మదిగా తలెత్తింది.

"అక్కా, ఈ ఇంజను వచ్చిన బండి తాళం చెవి ఎక్కడుంది?"

"మన బండి తాళం ఉందిగా?"

"అది కాదు. ఈ డబ్బా తన సొంత తాళం చెవిని గుర్తుపడితేనే పెట్రోలు వదులుద్ది. దొంగలు ఎత్తుకుపోకుండా అలా పెడతారు. వైర్ల హడావుడిలో పడి నేనూ ముందు అడగలేదు. తప్పు నాది కూడా."

కొత్త డబ్బా కొని జత చేయించాలంటే మా వల్ల కాదు, పైగా పది రోజులు పడుతుంది. ఆటోనగర్‌లో ఒకాయన ఆ కాపలా తీసేస్తానన్నాడు గానీ, డబ్బా కాలిపోతే నన్నడగొద్దన్నాడు. ఇంజను అమ్మిన కొట్టుకి జాన్‌బాబు పరిగెత్తాడు. వాళ్ళకి బండితో పాటు వచ్చిన తాళం చెవి తుక్కులో ఎటో పోయిందట. ఇంకొకటి అసలు ఓనరు దగ్గర ఉంటే ఉండాలి. ఆ పేరు మా ఫైల్లోనే ఉంది, ఆర్సీ నకలు మీద. అచ్యుతరామారావు, హనుమాన్ జంక్షన్.

"అయితే పోయి అడుగుదాం పదండి" అన్నాను.

జాన్‌బాబు కదల్లేదు. "ఆయన లేడు శాలినీ" అన్నాడు. "ఆ బండిని లారీ పక్కనుంచి కొట్టింది. ఆయనే నడుపుతున్నాడు. నీకు చెప్తే ఆ సీట్లో కూర్చోవని చెప్పలేదు."

నెల రోజులుగా నేను ఆ ఇంజను మీద చేయి వేస్తున్నాను. బోల్టుల్లో మట్టి తుడిచాను. దానికి ఊళ్ళ పేర్లు కట్టాను. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. అయినా తిట్టి ఏం చేస్తాను? నిడమానూరు దగ్గర ముల్లు వైపు చూడ్డం మానేసింది నేను.

సోమవారం జంక్షన్‌లో బస్సు దిగాను. తొమ్మిదో తారీకు. ఇంకా మూడు రోజులు. ఆ చిరునామా సర్వీసు రోడ్డు పక్కన చిన్న జిరాక్స్ కొట్టు. ఏళ్ళ తరబడి రోజూ రెండుసార్లు దాని ముందు నుంచే పోయాను, ఒక్కసారీ చూడలేదు. లోపల యాభై ఏళ్ళావిడ మిషను మూత తీసి దుమ్ము దులుపుతోంది. ఇందిరాదేవి గారు, అచ్యుతరామారావు గారి భార్య. బల్ల మీద తాళాల గుత్తి. షట్టరు తాళాలు, బీరువా తాళాలు, వాటి మధ్య నల్లటి తలతో ఒక పెద్ద తాళం చెవి.

ఏం చెప్పాలో బస్సంతా వల్లించుకుంటూ వచ్చాను. తీరా ఆవిడ "ఏం కావాలమ్మా?" అనేసరికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. సంచిలోంచి ఆర్సీ నకలు తీసి, "కాపీలండి" అన్నాను.

ఆవిడ అందుకుని, అద్దం మీద బోర్లించబోయి ఆగింది. చదివింది. బోర్లించి మూత వేసింది. పచ్చటి వెలుగు అటు నుంచి ఇటు పోయింది.

"ఎన్ని?"

"రెండండి."

రెండోది కూడా తీసింది. రెండు కాగితాలూ అంచులు సరిచేసి బల్ల మీద పెట్టి, "నాలుగు రూపాయలు" అంది. నేను చిల్లర వెతుక్కుంటుంటే, "ఇన్సూరెన్సు వాళ్ళు పంపారా?" అని అడిగింది.

"కాదండి. ఈ ఇంజను మా వ్యానులో పెట్టుకున్నాం. నేనే నడుపుతాను. టీచర్లని బడులకి చేరుస్తాను."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంజను బాగానే ఉందా?"

"ఒక్క గీత కూడా పడలేదండి" అన్నాను. అని నాలిక కరుచుకున్నాను.

"అవును. దానికేం కాలేదన్నారు" అంది.

నా సంగతంతా చెప్పాను. డబ్బా సంగతి, తాళం చెవి సంగతి, పన్నెండో తారీకు సంగతి, మా అత్తయ్య సాక్ష్యం కూడా. మధ్యలో ఎందుకో ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడానికి నాకేం హక్కుందని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆవిడ చేయి మెల్లగా గుత్తి మీదికి పోయింది.

"ఇన్సూరెన్సు వాళ్ళకి రెండో తాళం చెవి పోయిందని రాసిచ్చానమ్మా. సంతకం కూడా పెట్టాను. అబద్ధమే. పొద్దున్నే షట్టరు తియ్యడానికి గుత్తి పట్టుకుంటే ఈ బరువు అలవాటైపోయింది. ఇది తీసేస్తే చెయ్యి తేలికైపోద్ది."

ఇంకేం అడుగుతాను? కాపీలు సంచిలో పెట్టుకుని బయటికొచ్చి, గుమ్మం పక్కనే నిలబడి బ్లెస్సీకి ఫోను చేశాను. రోడ్డు మీద లారీల మోతకి స్పీకరు పెట్టక తప్పలేదు.

"ఇవ్వలేదు బ్లెస్సీ. ఇమ్మని మళ్ళీ అడగలేను. నా వల్ల కాదు."

"అక్కా, మనకి తాళం చెవి అక్కర్లేదు" అంది బ్లెస్సీ. వెనక పిల్ల ఏడుస్తోంది. "దాని నల్ల తల లోపల చిన్న చిప్పు ఉంటది, బియ్యపు గింజంత. డబ్బా గుర్తుపట్టేది దాన్నే. అది చాలు మనకి. తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంచుకోమను."

వెనక్కి తిరిగి చూశాను. ఇందిరాదేవి గారు వినేసింది. సొరుగు లాగి, మిషనుకి వాడే సన్నటి స్క్రూడ్రైవరు తీసింది.

"నా మిషను నేనే విప్పుకుంటాను. ఇదేముంది" అని, తాళం చెవి నల్ల తలలో నెర్రె వెతికి, మొన దూర్చి తిప్పింది. టక్కుమని విడింది. లోపలి నుంచి నల్లటి చిన్న ముక్కని గోటితో లేపి, చెడిపోయిన జిరాక్స్ కాగితం చింపి అందులో పొట్లం కట్టింది. తాళం తలని మళ్ళీ మూసి నొక్కింది. గుత్తిని అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి చూసింది.

"తేడా తెలీట్లేదు" అంది.

"ఎంత ఇమ్మంటారండి?" అన్నాను, అడగక్కర్లేదని తెలిసి కూడా.

"నాలుగు రూపాయలేగా. జిరాక్సు" అని పొట్లం నా చేతిలో పెట్టింది. వదిలిపెట్టబోతూ ఆగింది. "మీ బండి రోజూ ఇటే పోద్దా?"

"ఇటేనండి. పొద్దునా సాయంత్రం."

"ఆయన ఈ కొట్టు ముందు నుంచి ఎప్పుడు పోయినా రెండుసార్లు హారన్ కొట్టేవారు. నేను లేచొచ్చేదాన్ని. మీరు మాత్రం ఇక్కడ హారన్ కొట్టకండమ్మా. మీ బండి ఏ రంగు?"

"తెల్లదండి."

"తెల్లవి చాలా పోతుంటాయి. హారన్ లేకపోతే నాకు తెలియదులే."

కొట్టనని మాటిచ్చాను.

మర్నాడు కంకిపాడులో బ్లెస్సీ ఆ గింజని తాళం పెట్టే చోట టేపుతో చుట్టి బిగించింది. నేను తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అంటుకుంది. మా అత్తయ్య అరుగు మీద నుంచి పిల్లతో సహా లేచి నిలబడింది. జాన్‌బాబు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. బ్లెస్సీ మాత్రం చెయ్యెత్తి అందర్నీ ఆగమంది. ఇంజను మెత్తగా తిరుగుతోంది గానీ, మధ్యమధ్యలో సన్నగా టక్, టక్ అని రెండు చప్పుళ్ళు, కాస్త ఆగి మళ్ళీ రెండు. బ్లెస్సీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింది.

"ఇది జబ్బు కాదక్కా. దీని అలవాటు. కొన్నిటికి ఉంటది" అంది.

ఆ సాయంత్రం మా అత్తయ్యకి ఇందిరాదేవి గారి సంగతి చెప్పాను. ఆవిడ ఇంట్లో ప్రార్థనప్పుడు ఇంజను ఊసే ఎత్తకుండా, ఇందిరాదేవి అనే ఆ పేరు ఒకటే చెప్పి ఆమెన్ అంది.

పన్నెండో తారీకు ఏడుంపావుకి ఐదుగురూ ఎక్కారు. కదిలే ముందు వెనక్కి తిరిగి, "ఇది యాక్సిడెంటు బండి ఇంజను మేడం. ఆ బండాయన చనిపోయారు. ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పండి" అన్నాను. సుస్మిత మేడం కళ్ళు మూసుకుంది. చివరికి శ్రీదుర్గ మేడం సంచి ఒళ్ళో సర్దుకుని, "మంచిగా తిరుగుతోందా లేదా?" అన్నారు. తిరుగుతోందన్నాను. "అయితే పోనీ తల్లీ, తొమ్మిదింటికి మొహం చూపించాలి" అన్నారు.

రామవరప్పాడు దగ్గర పావుగంట పోయింది. గన్నవరం దగ్గర పోలీసులు లారీలని ఆపితే ఇంకో పది నిమిషాలు. ముల్లు వైపు చూస్తూనే ఉన్నాను, అది నడుమ నిలబడి ఉంది. జంక్షన్ చేరేసరికి ఎనిమిదీ నలభై ఆరు. సర్వీసు రోడ్డులో జిరాక్స్ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఒక ఆటో అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు దిగి, తీరిగ్గా టమాటా బుట్టలు దించుతున్నాడు.

"హారన్ కొట్టు శాలినీ" అన్నారు శ్రీదుర్గ మేడం.

నేను కొట్టలేదు.

"కొట్టమ్మా! నలభై ఎనిమిది!"

ఐదుగురూ ఒక్కసారిగా మొదలుపెట్టారు. నా అరచేయి హారన్ మీదే ఉంది, చెమటకి జారుతోంది. ఒక బుట్ట, ఇంకో బుట్ట. కొడితే చాలు, అతను తప్పుకుంటాడు. కొట్టకపోతే మొదటిరోజే వీళ్ళ హాజరు పోతుంది, రేపటి నుంచి నా వ్యాను ఎక్కేవాళ్ళుండరు. చేయి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నా, అన్నా, కాస్త దారి" అని గొంతు పగిలేలా అరిచాను. లారీల మోతలో అతనికి ఒక్క ముక్క వినబడలేదు.

చివరికి ఎనిమిదీ యాభై తొమ్మిదికి ఆఖరి బడి గేటు దాటాం, సుస్మిత మేడం చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది, అందరికీ హాజరు పడింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ ఐదుగురూ నా వ్యానులోనే వస్తున్నారు. కానీ అదంతా తర్వాత.

అప్పుడు మాత్రం ఆటో ఇంకా కదల్లేదు. నేను హారన్ కొట్టలేదు. లారీలు పోతున్నాయి, వెనక టీచర్లు గోల పెడుతున్నారు, నా సీటు కింద ఇంజను టక్, టక్ అని, కాస్త ఆగి మళ్ళీ టక్, టక్ అంటోంది. కొట్టులో ఇందిరాదేవి గారు ఎవరివో కాగితాలు లెక్కపెడుతోంది. లారీల మోత ఓ క్షణం తగ్గింది, మళ్ళీ టక్, టక్, లెక్కపెడుతున్న చేయి ఆగింది. ఆవిడ తలెత్తకుండానే లేచి నిలబడింది.